ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరుతో చెప్పాల్సిన మాటలు

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



పాత రోజులు తలుచుకుని నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్ళు అడిగారు. ఆ పనికి నాకన్నా నోరున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈ మధ్య మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపు చూస్తే పుట్టినరోజు శుభాకాంక్షలకన్నా ఆపరేషన్ కబుర్లే ఎక్కువ. ఒకడికి పిత్తాశయంలో రాళ్ళు, ఒకామెకి మోకాలు మార్పిడి, ఒకరి మావగారికి బైపాస్, మన లెక్కల మాస్టారికి రెండో కంటికి శుక్లం. యాభై దాటాక కలుసుకుంటే మాటలు అటే పోతాయి. అందుకని, నాకు తెలిసిన పని గురించే మాట్లాడతానని సంఘం వాళ్ళని ఒప్పించుకున్నాను. విసుగనిపిస్తే ఎదురుగా బజ్జీల బండి ఉంది, నేనేమీ అనుకోను.

ఆపరేషన్ ఎవరు చేశారంటే సర్జన్ పేరు ఇంటిల్లిపాదికీ తెలుసు. మత్తు ఎవరిచ్చారంటే ఎవరికీ తెలీదు. “ఎవరో సూదిచ్చే అమ్మ” అంటారు. సూది ఇచ్చి వెళ్ళిపోతామనుకుంటారు కాబోలు. వెళ్ళం. మీరు నిద్రపోయిన నిమిషం నుంచి మళ్ళీ మీ పేరు మీరు చెప్పేదాకా తలవైపు కూర్చునే ఉంటాం. మీ ఊపిరి, గుండె, రక్తపోటు, రక్తంలో ప్రాణవాయువు, అన్నీ ఆ సేపు మా చేతుల్లో ఉంటాయి. ఈ విద్యకి మన తెలుగు నేలతో పాత సంబంధం ఉంది. అమెరికాలోని బోస్టన్‌లో 1846లో ఈథర్‌తో మత్తిచ్చి చూపించారు. ఆ తర్వాత క్లోరోఫాం వచ్చింది. దానివల్ల మనుషులు బల్లమీదే ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాదులో రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. అదే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. ఆ కమిషన్ చెప్పిన కొన్ని విషయాలు తర్వాత తప్పని తేలాయి, అది వేరే కథ. మత్తంటే మనిషికి తెలియకుండా జరిగిపోయే పని కాబట్టి ముందే అన్నీ తెలుసుకోవాలన్న పట్టుదల మాత్రం అప్పటి నుంచీ ఉంది.

ముందే తెలుసుకోవడం ఎలా? రక్తపరీక్ష, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే చూస్తాం. అయితే పొద్దున్న మీరేం తాగారో ఎక్స్‌రే చెప్పదు. మానేసిన మాత్ర, మొదలుపెట్టిన పసరు, రాత్రి వేసిన పెగ్గు ఏ కాగితంలోనూ ఉండవు. అవి చెప్పగలిగేది మీరొక్కరే. మీరు చెప్పకపోవడానికి కారణాలున్నాయి. సిగ్గు, భయం, పక్కన కోడలుండటం, అసలు డాక్టరమ్మకి ఇవన్నీ ఎందుకన్న అనుమానం. నేను ఈ పేటలో పెరిగినదాన్ని. ఆ కారణాలు నాకు తెలియనివి కావు.

ఒక పిన్ని సంగతి చెప్తాను. పేరు వద్దు. చేపలమ్ముకునే మనిషి, హెర్నియా ఆపరేషన్‌కి వచ్చింది. కేస్‌షీట్‌లో రాత్రి నుంచి ఏమీ తినలేదని రాసి ఉంది. నేనెప్పుడూ ఆ కాగితంతో ఆగను. “పిన్నీ, లేచిన కాడి నుంచి నోట్లోకి ఏటేటి ఎల్లింది?” అని అడిగాను. “ఏటీ తిన్లేదమ్మా. మూడింటికి నెగిసి టీ తాగినాను. మళ్ళీ ఐదింటికి ఇంకో టీ, రెండు రొట్టెలు ముంచుకున్నాను. అంతే” అంది. అబద్ధమాడలేదు ఆవిడ. హార్బరులో వేలంపాటకి వెళ్ళే మనిషికి తెల్లవారుజాము టీ తిండి లెక్కలోకి రాదు. మన భాషలో తినడమంటే అన్నం తినడమే. ‘తిన్నావా’ అని అడిగితే ‘లేదు’ అన్నది సరైన జవాబే. ఆ ఉదయం ఆవిడ ఆపరేషన్ ఆపి మర్నాటికి మార్చాం. వాళ్ళబ్బాయి నామీద గట్టిగానే అరిచాడు. వేట మానుకుని వచ్చాడు మరి.

టీ తాగితే ఏమవుతుందనే కదా. మామూలుగా మింగింది గొంతులో అడ్డం పడితే దగ్గుతాం. పొరపోయిందంటాం. దగ్గడం వల్లే అది ఊపిరితిత్తుల్లోకి పోదు. మత్తిచ్చినప్పుడు ఆ దగ్గు కూడా నిద్రపోతుంది. కడుపులో ఉన్నది వెనక్కి తన్నుకొస్తే ఆపేవాడు లేడు, తిన్నగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అన్నం మెతుకులైతే దారి మూసుకుపోతుంది, పుల్లటి ద్రవమైతే ఊపిరితిత్తులు లోపల కాలినట్టవుతాయి. న్యూయార్కులో మెండెల్సన్ అనే డాక్టరు 1946లో ఈ సంగతి రాశాడు. ఆయన చూసిన 44,016 కాన్పుల్లో 66 మందికి ఇలా జరిగింది. గట్టి ఆహారం అడ్డుపడి ఇద్దరు చనిపోయారు. ఆపరేషన్‌కి ముందు కడుపు ఖాళీగా ఉంచాలన్న నియమం ఊరికే పుట్టింది కాదు.

సాధారణంగా మేం చెప్పే లెక్క ఇది. అన్నం, ఇడ్లీ, రొట్టె లాంటి తేలిక తిండి అయితే 6 గంటల ముందు ఆపాలి. వేపుడు, బిర్యానీ, మాంసం అయితే 8 గంటలు. పాలు, పాలు కలిపిన టీ, కాఫీ, గంజి, మజ్జిగ, ఇవన్నీ తిండి కిందే లెక్క, 6 గంటలు. తల్లిపాలు తాగే బిడ్డకి 4 గంటలు. ఉత్త మంచినీళ్ళు మాత్రం 2 గంటల ముందు దాకా తాగొచ్చు. కాన్పు మనిషికి, ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళకి, పేగు మెలిపడ్డవాళ్ళకి కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది, వాళ్ళ లెక్క వేరు. మీ డాక్టరు మీకు చెప్పిందే మీకు లెక్క.

దీనికి రెండో వైపు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. భయంతో ముందురోజు మధ్యాహ్నం నుంచే మానేసేవాళ్ళున్నారు. ఉపవాసం ఎంత కఠినంగా ఉంటే అంత మంచిదనుకుంటారు, ఏకాదశి లాగ. రాత్రి ఎనిమిదికి తిని, ఆపరేషన్ మర్నాడు మధ్యాహ్నం రెండింటికైతే, చుక్క నీళ్ళు లేకుండా పద్దెనిమిది గంటలు. డెబ్భై ఏళ్ళ ముసలాయన ఒళ్ళు ఆరిపోయి, బీపీ పడిపోయి, నరం కూడా దొరకని స్థితిలో మా దగ్గరికి వస్తాడు. షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకపోతే షుగర్ పడిపోయి వార్డులోనే స్పృహ తప్పుతాడు. కాబట్టి “రేపు నా వంతు ఎన్ని గంటలకి? నీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చు?” అని నర్సమ్మని అడగండి. అడిగితే విసుక్కుంటారేమోనని ఆగకండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

వెన్నులో సూదే కదా, పూర్తి మత్తు కాదు కదా, టిఫిన్ తినొచ్చా అని అడిగేవాళ్ళున్నారు. తినకూడదు. వెన్ను మత్తు చాలకపోతే, ఆపరేషన్ పెద్దదైపోతే, మధ్యలో పూర్తి మత్తులోకి వెళ్ళాల్సి రావచ్చు. ఎలాగూ వెన్ను సూది మాట వచ్చింది. దానివల్ల జీవితాంతం నడుంనొప్పి వస్తుందని పేటలో ఇంటింటా చెప్పుకుంటారు. సూది గుచ్చినచోట కొన్నాళ్ళు నొప్పి ఉండొచ్చు. ఏళ్ళ తరబడి ఉండే నడుంనొప్పికి ఆ సూది కారణమని చూపించే ఆధారం లేదు. తడిసిన వలలు లాగిన నడుము, ఇరవై కిలోల చేపల తట్ట నెత్తిన మోసిన నడుము, దానికి వేరే కారణాలు వెతకనక్కర్లేదు.

ఇక మందులు. ఆస్పత్రికి వచ్చేటప్పుడు చీటీ కాదు, మందుల సంచీ మొత్తం తీసుకురండి. చీటీ మీద ఉన్నవన్నీ మీరు వేసుకోరు, వేసుకునేవన్నీ చీటీ మీద ఉండవు. సంచీ అయితే ఉన్నదున్నట్టు చెప్తుంది. అందులో నేను ముందు వెతికేది రక్తం పలచబరిచే మందు. స్టెంటు వేసినవాళ్ళకి, గుండె కవాటం మార్చినవాళ్ళకి ఇస్తారు. అది ఉండగా కోస్తే రక్తం ఆగడం కష్టం. వెన్నులో సూది వేస్తే అక్కడ రక్తం చేరి కాళ్ళు పడిపోయే ప్రమాదం కూడా ఉంది. అయితే ఆ మాట ఎవరి దగ్గరో విని, మీ అంతట మీరు వారం ముందే మానేశారనుకోండి, స్టెంటు మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. మానాలా, ఎన్ని రోజుల ముందు మానాలా అన్నది గుండె డాక్టరు, సర్జన్, మత్తు డాక్టరు కలిసి తేల్చాలి. మీ మెడికల్ షాపు అబ్బాయి తేల్చేది కాదు. శుక్లం ఆపరేషన్‌కైతే చాలాసార్లు మానాల్సిన పనే ఉండదు.

షుగర్ మందుల్లో ఈ పది పదిహేనేళ్ళలో వచ్చినవి కొన్నున్నాయి. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉంటుంది, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి. మంచి మందులే. ఉపవాసం, ఆపరేషన్ ఒత్తిడి కలిస్తే మాత్రం వీటితో ఒంట్లో ఆమ్లం పేరుకుపోవచ్చు. విచిత్రం ఏమిటంటే అప్పుడు షుగర్ అంత ఎక్కువగా చూపించదు, అందుకే మోసపోతాం. వీటిని మామూలుగా 3 రోజుల ముందే ఆపిస్తాం. అంటే ముందురోజు రాత్రి చెప్తే ఆలస్యమే. బరువు తగ్గడానికి వారానికోసారి పొడుచుకునే సూదులు కొత్తగా వచ్చాయి. విదేశాల్లో ఉన్న మన వాళ్ళు కొందరు వాడుతున్నారని నాకు తెలుసు, ఎవరని చూడను. వాటివల్ల కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది. ఆరు గంటలు ఆగినా లోపల తిండి ఉండొచ్చు. తప్పకుండా చెప్పాలి. బీపీ మందులు చాలావరకు పొద్దున్నే గుక్కెడు నీళ్ళతో వేసుకోమంటాం, కొన్ని ఆపమంటాం. అడిగి తెలుసుకోండి.

సంచీలో కనబడనిది ఇంకోటుంది. మోకాళ్ళ నొప్పులకి ఎక్కడో ఇచ్చే పేరులేని పొడి పొట్లాలు. అవి వేసుకోగానే నొప్పి మాయం, ఆకలి బాగా వేస్తుంది, ముఖం నిండుగా అవుతుంది. అలాంటి కొన్నిటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. నెలల తరబడి అది వాడిన ఒళ్ళు తనకి కావలసిన స్టెరాయిడ్ తాను తయారుచేసుకోవడం మానేస్తుంది. ఆపరేషన్ రోజు పొడి మానేసి వస్తే బల్లమీద బీపీ పడిపోయి లేవదు. ముందే తెలిస్తే చిన్న సూదితో సరిపోయే విషయం. “నాటుమందు వాడానంటే డాక్టరు తిడతాడు” అని దాస్తారు. తిట్టే డాక్టర్లు లేకపోలేదు. తిట్టు పడండి కానీ చెప్పండి.

ఇప్పుడు కొంచెం ఇబ్బంది మాట. మన నాయనమ్మలు, అమ్మమ్మలు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చేవారు. అడ్డపొగ. విశాఖ, శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్ళ అలవాటది. గాలికి చుట్ట ఆరిపోకుండా అని కొందరు, నిప్పురవ్వ బిడ్డమీద పడకుండా అని కొందరు చెప్తారు. ప్రపంచ వైద్య పుస్తకాల్లో మన ప్రాంతం పేరు ఎందుకుందంటే ఈ అడ్డపొగ వల్లే. డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, మన దేశ పరిశోధకులు కలిసి ఇక్కడి పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి, అంగుడి మీద వచ్చే పుండ్ల గురించి 1971లో ప్రచురించారు. క్యాన్సర్ సంగతి అందరూ చెప్పేదే. మత్తు డాక్టరుకి ఇంకో బాధ. మేం గొట్టం వేయాల్సింది ఆ నోట్లోంచే. నోరు సరిగా తెరుచుకోకపోతే, లోపల పుండుంటే, ముందే తెలిస్తే వేరే ఏర్పాటుతో వస్తాం. నోరు తెరవమంటే చీర కొంగు అడ్డం పెట్టుకునే పెద్దమ్మల్ని ఇప్పటికీ చూస్తాను. చుట్టైనా, బీడీ అయినా, సిగరెట్టైనా నాలుగు వారాల ముందు మానితే ఊపిరితిత్తులు కుదుటపడతాయి, పుండు త్వరగా మానుతుంది. నాలుగు వారాలు కుదరలేదా? ముందురోజైనా మానండి. పొగలోని విషవాయువు ఒక రోజులో రక్తంలోంచి చాలావరకు పోతుంది. ఆ మేరకైనా లాభమే.

మందు గురించి. భార్య పక్కనుంటే ఏ మగాడూ నిజం చెప్పడు. “ఎప్పుడైనా పండగకి డాక్టరమ్మా” అంటాడు. ఆవిడ పైకి చూస్తుంది. అందుకే నేను ఇంట్లోవాళ్ళని కాసేపు బయటికి పంపించి అడుగుతాను. మీ డాక్టరు పంపకపోతే మీరే “ఒక మాట చెప్పాలి” అనండి. రోజూ తాగేవాడు ఆస్పత్రిలో చేరగానే ఒక్కసారిగా మందు ఆగిపోతుంది. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరుగుతుంది. రెండో రోజో, మూడో రోజో చేతులు వణుకుతాయి, లేని మనుషులు కనిపిస్తారు, సెలైన్ పీకి పారేస్తాడు, మంచం దిగి పరిగెడతాడు. ఫిట్స్ వస్తాయి. ఇంట్లోవాళ్ళు మత్తు తలకెక్కిందంటారు, దెయ్యం పట్టిందంటారు. దానికి మందులున్నాయి, ముందే మొదలుపెట్టవచ్చు. రోజుకి ఎంత అన్న ఒక్క లెక్క తెలిస్తే చాలు. ఈ లెక్క అడిగేది మీ గుణగణాలు తేల్చడానికి కాదు.

పిల్లవాడికి జలుబు, దగ్గు, జ్వరం ఉంటే అది కూడా దాచకండి. టాన్సిల్స్ ఆపరేషన్ తేదీ దొరికిందని ముక్కు తుడిచి తీసుకొస్తారు. జలుబు ఉన్న బిడ్డ శ్వాసనాళం మత్తులో ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. వాయిదా వేస్తే మీకు కోపం. సెలవు పోయింది, కూలీ పోయింది, ఆటో ఖర్చు దండగ. నాకు అర్థమవుతుంది. మన పేటలో చాలామంది ఆపరేషన్లు వేట నిషేధం రోజుల్లోనే పెట్టుకుంటారు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ 61 రోజులు దాటితే మళ్ళీ పడవ దిగాలి కాబట్టి వాయిదా అంటే ఏడాది వాయిదా. అందుకే దగ్గు దాస్తారు. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేస్తే పడవ ఎందుకు తీయమో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. ఇదీ అంతే. పైగా నిషేధం మొదలయ్యాక కాదు, మార్చి నెలలోనే పరీక్షలకి వస్తే మంచిది. రక్తం తక్కువుంటే ఇనుము మాత్రలతో పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. వంజరం, చందువ బయటికి అమ్మేసి మిగిలిన నెత్తళ్ళు పిల్లలకి పెట్టి, తాను రసంతో తినే ఆడవాళ్ళకే రక్తం తక్కువుంటుంది, మనకి తెలిసిందే. షుగర్ అదుపులోకి రావడానికి కూడా టైము కావాలి. రెండు వారాల ముందు నుంచి రోజూ నడవడం, మూడు బంతుల పరికరంతో ఊపిరి పీల్చడం అలవాటు చేసుకుంటే ఆపరేషన్ తర్వాత కఫం పట్టదు.

చెప్పడం గురించే ఇంతసేపు మాట్లాడాను. అడగడం కూడా ఉంది. అసలు ఈ ఆపరేషన్ కావాలా అని అడగండి. మన రాష్ట్రంలో ఈ ప్రశ్న ముఖ్యంగా ఆడవాళ్ళు అడగాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. మనవాళ్ళ గర్భసంచులకే అన్ని జబ్బులు వచ్చాయని నేను నమ్మను. తెల్లబట్ట అవుతోందని, పిల్లలు పుట్టేశారు ఇంకెందుకని, క్యాన్సర్ వస్తుందని భయపెట్టి తీసినవి చాలా ఉన్నాయి. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను కట్టడి చేసే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది. అత్యవసరం కానప్పుడు ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం మొదటి డాక్టరుని అవమానించడం కాదు. కె.జి.హెచ్. 1923 నుంచి ఉంది, ఓపీ చీటీ తీసుకుని అడగండి. లైనులో నిలబడాలి, నిజమే.

సంతకం సంగతీ అంతే. వేలిముద్ర వేయించే కాగితంలో ఏముందో చదివి చెప్పమనండి. 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. కెమెరాతో లోపల చూడటానికి ఒప్పుకున్న మహిళకి, ఆమె మత్తులో ఉండగా, తల్లి దగ్గర అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అది చెల్లదంది కోర్టు. ప్రాణాపాయం లేనప్పుడు స్పృహ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలంది. మీ ఒంటికి సంబంధించిన సంతకం మీది. మీ ఆయనది, అబ్బాయిది కాదు. డబ్బు మాట కూడా ముందే మాట్లాడుకోండి. ఆరోగ్యశ్రీ అనండి, ఎన్టీఆర్ వైద్య సేవ అనండి, పేరు మారినా ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది. పథకంలో ఆ ఆపరేషన్ ఉందా, ఈ ఆస్పత్రిలో చేస్తారా అన్నది చేరకముందే కనుక్కోవాలి. ఆపరేషన్ రోజు పొద్దున్న పుస్తెలు తాకట్టుకి పరిగెత్తకూడదు.

పుస్తెలంటే గుర్తొచ్చింది. ఒంటిమీద లోహం ఉంచరు, రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరంతో అక్కడ కాలే ప్రమాదం ఉంది. కాబట్టి ముక్కుపుడక, మెట్టెలు, వెండి మొలతాడు ఇంట్లోనే తీసి ఇంట్లోనే పెట్టి రండి. పసుపు తాడు కట్టుకుని రావచ్చు, మేం ఏమీ అనం. ఇరవై ఏళ్ళుగా వేలికి బిగుసుకున్న ఉంగరం సబ్బు నురగతో ముందురోజు తీసుకోవాలి. లేకపోతే మేం కోయాల్సి వస్తుంది, అప్పుడు బంగారం గురించి మా వార్డులో జరిగే గొడవ నేను వర్ణించలేను. కట్టుడు పళ్ళు తీసి రండి, కదిలే పన్ను ఉంటే చెప్పండి. గోళ్ళరంగు చెరిపేయండి, వేలికి పెట్టే క్లిప్పు ఆ గోరులోంచే ప్రాణవాయువు కొలుస్తుంది. ముందురోజు తలకి, ఒంటికి సబ్బుతో స్నానం చేయండి. కానీ ఆపరేషన్ చేసేచోట ఇంట్లో బ్లేడుతో గీసుకోవద్దు. కనబడని గాట్లలోంచి చీము పడుతుంది. తీయాల్సి వస్తే అక్కడ క్లిప్పరుతో వాళ్ళే తీస్తారు.

ఆపరేషన్ గదిలోకి వెళ్ళాక మీ పేరేమిటి, ఏ ఆపరేషన్, ఏ వైపు అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. “ఇందాకే చెప్పాను కదా, వీళ్ళకి ఏమీ తెలీదా” అని భయపడకండి. కావాలనే అడుగుతారు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పట్టిక తయారుచేసింది. మత్తుకి ముందు ఒకసారి, కోతకి ముందు ఒకసారి, గది దాటేముందు ఒకసారి అందరూ పైకి చదివి సరిచూసుకోవాలి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో వాడి చూస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఒక్క కాగితం చేసిన పని. ఇది మన ఊరికి ఇంకా అవసరం. సింహాచలం అప్పన్న దయవల్ల ఏ వార్డులో చూసినా ఇద్దరు అప్పలరాజులు, ముగ్గురు అప్పలనరసమ్మలు. ఇంటిపేర్లు కూడా ఒకటే. పైగా ఆధార్‌లో ఒక పేరు, ఇంట్లో పిలిచేది ఇంకో పేరు. అప్పలరాజూ అంటే ఇద్దరూ పలుకుతారు. ఒకరికి కుడి మోకాలు, ఒకరికి ఎడమ వైపు హెర్నియా. కాబట్టి ఆధార్‌లో ఉన్న పూర్తి పేరు, తండ్రి పేరు, వయసు చెప్పండి. డాక్టరు పెన్నుతో ఒంటిమీద గుర్తు పెడితే స్నానంలో రుద్ది కడిగేసుకోకండి. గుర్తు పెట్టకపోతే పెట్టమని అడగండి.

వెంట ఒక్కరు చాలు. చదవగలిగేవాళ్ళు, ఫోను ఎత్తేవాళ్ళు, భయపడి ఏడవనివాళ్ళు. ఆటో నిండా వచ్చిన చుట్టాలందరూ మొదటిరోజు చూసివెళ్ళి, మూడోరోజు మంచం పక్కన ఎవరూ లేకపోవడం నేను ఎక్కువగా చూస్తుంటాను. వంతులు వేసుకోండి. అదేరోజు ఇంటికి పంపేసే చిన్న ఆపరేషన్ అయినా ఆ రోజు, మర్నాడు బండి నడపొద్దు, సంతకాలు పెట్టొద్దు, ఒంటరిగా పడుకోవద్దు.

మనం ఏడో తరగతిలో ఉండగా సైన్సు టీచరు గారు సీసా అడుగు కోసి, లోపల రెండు బుడగలు కట్టి ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తాయో చూపించారు. ఆ టీచరు గారు ఇక్కడే ఉన్నారు. వచ్చే నెలలో ఆవిడకీ ఒక ఆపరేషన్ ఉంది. ఆవిడ అనుమతితోనే చెప్తున్నాను. నిన్న ఫోన్ చేసి, “ఏమే, నీకేమేం చెప్పాలో చెప్పు, రాసుకుంటాను” అన్నారు. ఆవిడ చెప్తుంటే నేను రాసుకున్నాను. ఏమేం మందులు, ఎప్పటి నుంచి, ఇదివరకు మత్తిచ్చినప్పుడు ఏమైనా ఇబ్బంది అయిందా, ఇంట్లో ఎవరికైనా మత్తుతో ప్రమాదం జరిగిందా, ఏ మందు పడదు. అర పేజీ అయింది. దాన్నే ఖాళీలు పెట్టి అచ్చు వేయించాను. భోజనాల పక్కన బల్లమీద రెండొందల కాగితాలున్నాయి. తలా ఒకటి తీసుకుని, నింపి మందుల సంచీలో పెట్టుకోండి. రాయడం రానివాళ్ళకి మన పదో తరగతి పిల్లలు రాసి పెడతారు, అడిగాను, ఒప్పుకున్నారు. నాలుగింటి దాకా నేను వేపచెట్టు కింద కూర్చుంటాను. పేటకి సంబంధించిన కబుర్లు తర్వాత. ముందు ఈ నెలలో, వచ్చే నెలలో ఆపరేషన్ తేదీ ఉన్నవాళ్ళు రండి. ఇంట్లోవాళ్ళని కాసేపు భోజనాల దగ్గర వదిలి రండి.